ఇంజను నెత్తిన కలశం

మా పుట్టినూరికి ఇంగ్లీషు మాట మొదట బస్సులోనే వచ్చింది. అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం మీదుగా వచ్చే బస్సు మా ఊరి దారి కాడ ఆగేది. ఆగితే ఒక పట్టాన కదిలేది కాదు. డ్రైవరు కిందికి దిగి, ముందర ఉన్న బొక్కలో ఇనుప కడ్డీ దూర్చి తిప్పేవాడు. లోపల కూర్చున్న వాళ్లందరూ మాటలు మాని, ఎవరికో ప్రాణం పోతూ ఉన్నట్టు చూసేవాళ్లు. బస్సు గుర్రుమనగానే "స్టార్ట్ ఆయె, స్టార్ట్ ఆయె" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. అందరికీ వినబడిందే మళ్లీ అందరూ చెప్పుకోవడం ఎందుకో నాకు తెలిసేది కాదు.

నేను రెండో తరగతి దాకా చదివాను. యాభైల చివర్లో పెళ్లయి ఈ ఊరికి వచ్చేసరికి ఆ మాట బస్సు దిగి ఇళ్లలోకి వచ్చేసింది. మా మామ లేపాక్షి తిరునాళ్లకు పోవాలంటే "తెల్లారుతానే స్టార్ట్ అయిపోవాల" అనేవాడు. అక్కడ దాని అర్థం బయలుదేరడం. మా అత్త నోరు లేస్తే పెద్దమ్మ నా చెవిలో "స్టార్ట్ అయింది, ఇంగ అనంతపురం దాకా ఆగదు" అనేది. అక్కడ దాని అర్థం తిట్టడం. నా మొదటి కాన్పుకు వచ్చిన నర్సమ్మ "నొప్పులు ఎప్పుడు స్టార్ట్ అయినాయి?" అని అడిగింది. నాకు గుర్తు పట్టడం చేతకాలేదు. ముందురోజు నడుం పట్టినప్పుడా, తెల్లవారుజామున కడుపు గట్టిపడినప్పుడా, నేను అరిచినప్పుడా? నేను నోరు తెరిచేలోగా పెద్దమ్మే చెప్పేసింది.

"పెండ్లయినప్పుడే స్టార్ట్ అయినాయి. రాసుకో తల్లీ."

నర్సమ్మ నవ్వింది గానీ ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో ఇప్పటికీ తెలియదు.

ఈ పెద్దమ్మ ఎవరో చెప్పాలి. మా మామకు సొంత అక్క. నాకు వరసకు పెద్దమ్మ. పదహారేళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చి, తల్లిలేని తమ్ముణ్ణి సాకి పెద్దచేసింది. నేను వచ్చేనాటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. పొడుగాటి మనిషి. రాగులు విసిరీ విసిరీ చేతులు రోకళ్ల మాదిరిగా ఉండేవి. పొద్దున లేచి పేడ తీసేది ఆమె, సంగటి కెలికేది ఆమె, గొడ్లకు నీళ్లు పెట్టేది ఆమె. అయితే ఇంట్లో ఏ పనైనా మొదలుపెట్టే వేళకు మాత్రం ఆమె కనబడేది కాదు. ఎవరూ పొమ్మనేవాళ్లు కాదు. కొత్త కుండ పొయ్యి మీద పెట్టే వేళకు గడ్డి వామిదొడ్లోకి పోయేది. విత్తనం తీసే వేళకు గొడ్ల చావిట్లోకి పోయేది. పని మొదలైందని తెలిశాక వచ్చి కొంగు దోపుకుని దిగేది. మొదలు తప్ప తక్కినదంతా ఆమెదే.

సాయంత్రం పాలు తోడువేసేది కూడా ఆమే. అది మొదలు కాదా అని నేను ఒకసారి మా అత్తను అడిగాను.

"పాలు ఎప్పటి నుంచో ఉన్నేవే కదమ్మా," అన్నది మా అత్త. నాకు అర్థం కాలేదు.

ఆమె కనబడని ఆ వేళల్లో ముందర నిలబడేదాన్ని నేను. నా చేతిగుణం మంచిదని ఊళ్లో పేరు పడింది. అది ఎలా పడిందో చెప్తే నవ్వుతారు. పెళ్లయిన ఏడాది తొలకరిలో శనక్కాయ విత్తనం వేసేటప్పుడు కొత్త కోడలని మొదటి పిడికెడు నా చేత వేయించారు. గొర్రు మీద విత్తనం జారే చెక్కగిన్నె ఉంటుంది, దాంట్లో పోయాలి. నేను భయంతో సగం కింద పోసి సగం దాంట్లో పోశాను. ఆ ఏడాది వానలు అడిగినట్టు కురిశాయి. అంతే. మరుసటి ఏడాది పక్కింటి ఆమె కోడిని పొదగేసేటప్పుడు గుడ్లు నా చేత పెట్టించింది. పదకొండు గుడ్లకు పది పిల్లలు లేచాయి. ఆ తర్వాత ఊరగాయ జాడీలో మొదటి ఉప్పు వేయాలన్నా, కొత్త చేటకు అలుకు పెట్టాలన్నా "ఆ పాపను పిలవండి" అనేవాళ్లు. నేను పోయి చేయి తగిలించి వచ్చేదాన్ని. వాన నేను కురిపించలేదని నాకు తెలుసు. కానీ పదిమంది పదిసార్లు అంటే, ఏమో, ఉందేమో అనిపించేది. చేతులు కడుక్కునేటప్పుడు కొంచెంసేపు ఎక్కువగా చూసుకునేదాన్ని.

ఇంజను వచ్చింది అరవైల్లో. అంతకుముందు మా బావి మీద కపిల ఉండేది. రెండు ఎద్దులు తోలు బానను లాగితే నీళ్లు పైకి వచ్చేవి. అరెకరం రాగి దాంతోనే పండేది, ఏడాది సంగటికి అదే మాకు దిక్కు. మెట్టలో శనక్కాయ పండినా పండకపోయినా రాగి ఉంటే ఇంట్లో పొయ్యి వెలిగేది. మా మామ ఇంజను పెట్టాలని పట్టుబట్టి, దానికి చోటు కావాలని కపిల దూలాలు పీకించేశాడు. ముసలిబడ్డ ఎద్దుల జతను సంతకు తోలేశాడు. నారుమడిలో రాగినారు జానెడు పెరిగి నాటడానికి సిద్ధంగా ఉంది. దానికి కడవలతో నీళ్లు మోసి పోస్తున్నాము. ఇంజను వస్తే నాటుకోవాలి, రాకుంటే ఆ నారు ఎండిపోవాలి. మధ్యలో ఇంకో దారి లేదు.

అనంతపురం నుంచి మేస్త్రీ వచ్చి ఇంజనును బావిగట్టున గచ్చు మీద బిగించాడు. మేమంతా కాలవకు రాళ్లు మోస్తుంటే పెద్దమ్మ ఆయనకు మజ్జిగ తీసుకుపోయింది. కాసేపటికి డుగుడుగుడుగుమని శబ్దం. నేను నెత్తి మీద రాయి కింద పడేసి అడుగు ఎగిరాను. చాన్నాళ్ల తర్వాత నా కూతురు బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటూ, "అమ్మా, స్టార్ట్ అంటే ఉలిక్కిపడడమని కూడా ఉండాది" అని చెప్పింది. ఒకే మాటను బస్సుకూ, తిరునాళ్లకూ, కాన్పుకూ, ఉలికిపాటుకూ వాడితే ఆ దొరలకు ఇంట్లో గొడవలు రావా అని అడిగాను. రావంట.

ఆ శబ్దానికి మా మామ మాత్రం పరుగున పోయాడు. ఆనందంతో కాదు.

"ఏమప్పా మేస్త్రీ! పూజ కాకనే స్టార్ట్ చేసినావే!"

"ఇది స్టార్ట్ కాదు పెద్దాయనా. ట్రయలు."

"ట్రయలంటే ఏంది?"

"స్టార్ట్ అవుతాదా లేదా అని స్టార్ట్ చేసి చూసేది."

"మరి స్టార్ట్ అయినట్టే కదప్పా!"

"అయింది గానీ... లెక్కలోకి రాదు."

మేస్త్రీ ఇంజనును ఆపి, నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మా మామ అక్కడే నిలబడి ఆలోచించాడు. అప్పుడు మా అత్త దృష్టి ఇంజను పక్కన మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడ్డ పెద్దమ్మ మీద పడింది. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ చెంబు తీసుకుని ఇంటి దారి పట్టింది.

"లెక్కలోకి రాదంటాండాడు కదా," అన్నాడు మా మామ, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. "శుక్కురవారం పెట్టుకుందాం. పాప చేత స్టార్ట్ చేయిద్దాం."

మేస్త్రీ మా ఆయనకు హ్యాండిలు తిప్పడం, చక్రం వడి అందుకోగానే లివరు వదలడం నేర్పించి, విడపనకల్లు పక్క ఇంకో నాలుగు ఇంజన్లు బిగించాలని వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున మా అత్త ఇంజనును పెళ్లికూతురిలా చేసింది. చక్రాలకు పసుపు, నీళ్ల తొట్టికి కుంకుమ, బెల్టుకు బంతిపూలు. ఆ ఇంజనుకు పక్కన ఒక గొట్టం పైకి లేచి ఉంటుంది. దాని నోరు చెంబు మూతి మాదిరిగా వెడల్పుగా, ఆకాశం పక్కకు తెరుచుకుని ఉంది. దాన్ని చూడగానే మా అత్తకు ఏం తోచాలో అదే తోచింది.

"చూడండి, దేవుడే కలశం పెట్టి పంపినాడు. ఉత్త నోరు పెట్టుకోని ఉంటే ఏమన్నా దూరదూ?"

ఆ గొట్టం మూతికి చుట్టూ తమలపాకులు అమర్చింది. పసుపు పూసిన టెంకాయ పెట్టింది. కొత్త రవికె గుడ్డ చుట్టి దారంతో బిగించి కట్టింది. నిజంగానే కలశం మాదిరిగా ఉంది. నేను రెండు చేతులూ జోడించాను. కర్పూరం మాత్రం నాలుగు గజాల దూరంలో వెలిగించాము. చమురు అంటుకుంటుందని మా మామ భయం.

"నీళ్లు మడి చేరేదాకా కలశం కదిలించగూడదు," అన్నది మా అత్త. అది మా ఇంటి ఆచారం. పని మొదలయ్యేదాకా కలశానికి చేయి తగలకూడదు.

నేను తల స్నానం చేసి, చేతులకు పసుపు రాసుకుని హ్యాండిలు పట్టుకున్నాను. నా చేతుల మీద మా ఆయన చేతులు వేసి తిప్పాడు. చక్రాలు తిరిగాయి. తమలపాకులు అదిరాయి.

"చూడు చూడు, దేవుడు తలకాయ ఊపుతాండాడు!" అన్నది మా అత్త.

లివరు వదిలాడు. ఇంజను దగ్గింది. రెండుసార్లు దగ్గి, నల్లపొగ వదిలి, ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ దగ్గింది. మూడోసారి, నాలుగోసారి. నన్ను పక్కకు తప్పించి ఒక్కడే తిప్పాడు. మా మామ తిప్పాడు. చూడవచ్చిన వాళ్లలో గట్టివాళ్లు వంతులవారీగా తిప్పారు. ఎండ నడినెత్తికి వచ్చింది. పంచెలు తడిసి ఒంటికి అంటుకున్నాయి. కలశం మాత్రం కదలలేదు. ఎంత తిప్పితే అంత గట్టిగా కూర్చున్నట్టు కనబడింది. అది కూడా మంచి గుర్తే అన్నారు.

శనివారం అదే కథ. ఆ సాయంత్రం నేను గొడ్ల చావిడి పక్క నుంచి వస్తుంటే పక్కింటి ఆమె గుడ్ల బుట్ట పట్టుకుని నన్ను దాటి పోయింది. ఎప్పుడూ పలకరించేది, పలకరించలేదు. ఎక్కడికి అని నేనే అడిగాను.

"ఏం లేదులేమ్మా. కోడి పొదుగుకొచ్చింది. ఆ మూలింటి కోడలు చేత పెట్టిద్దామని."

"అట్లనే," అన్నాను.

నా చేతిగుణాన్ని నేను పూర్తిగా నమ్మిందెప్పుడు? నమ్మనే లేదు. మరి ఆ గుడ్ల బుట్ట నన్ను దాటిపోతే, అది మలుపు తిరిగేదాకా ఎందుకు చూస్తూ నిలబడ్డాను? నాది కానిది పోతే నాకేం నష్టం? ఆ రాత్రంతా ఇదే. ఇంట్లో మా అత్త ఒకసారి నా చేతిని, ఒకసారి పెద్దమ్మ కూర్చునే మూలను చూసేది. ఎవరి తప్పో తేల్చుకోలేక ఆమె కూడా అవస్థ పడుతోందని నాకు అర్థమైంది. ఇంజనును మొదట చూసిన పెద్దమ్మ కండ్లదా, హ్యాండిలు మొదట పట్టిన నా చేతిదా?

ఆదివారం మా ఆయన మేస్త్రీ కోసం బస్సెక్కాడు. సోమవారం పొద్దున కపిల ఎద్దులనూ బాననూ నాలుగు రోజులకు అడుగుదామని మా మామ పక్కూరికి పోయాడు. దూలాలు పీకేశాక ఎద్దులతో ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. నారుమడిలో చివర్లు పసుపుబారుతున్నాయి. మా అత్తా మిగతావాళ్లూ మెట్టలో కంప కొట్టడానికి పోయారు. నేను, పెద్దమ్మ కడవలతో నారుకు నీళ్లు పోస్తున్నాము. పోసిన నీళ్లు పోసినచోటనే ఇంకిపోతున్నాయి.

పెద్దమ్మ కడవ దించి, నడుం మీద చేతులు పెట్టుకుని, బావిగట్టు పక్క చూసింది.

"మే, ఒక మాట చెప్తా. మీ అత్తతో అనగాకు."

"ఏంది పెద్దమ్మా?"

"అది ఊపిరాడక చస్తాండాది."

"ఏది?"

"ఇంజను. ఆ టెంకాయ పెట్టినారే, అది దానికి ముక్కు. మేస్త్రీ ఆ పొద్దు నా అరచెయ్యి ఆడ పెట్టించినాడు. పెట్టుకోని చూడు పెద్దమ్మా, ఎట్ల పీలుస్తాదో అని. సర్రున లాక్కునింది. చెయ్యి తీసేటప్పటికి అరచేతిలో గుండ్రంగా అచ్చు పడింది. ముక్కు మూస్తే ఎవురన్నా బతుకుతారా?"

నేను కడవ కింద పెట్టేశాను.

"శుక్కురవారమే చెప్పొచ్చు కదా!"

"శుక్కురవారం నేను యాడ ఉన్న్యా? వామి చాటున ఉన్న్యా. ఆ చాటు నుంచే కనపడింది. మొదలుపెట్టేకాడికి నేనొచ్చి, కలశం తీయండి అంటే, ఊరుకుంటారా? నీ మొహం చూసే ఆగిపోయిందంటారు. ఆ మాట మీ అత్త అనకపోయినా ఎవురో ఒకరు అంటారు."

"ఇప్పుడేం చేద్దాం?"

"నువ్వు పోయి తీయి. నీ చెయ్యి కలశానికి తగలొచ్చు."

"నీళ్లు మడి చేరకముందే కదిలించగూడదు అన్నారు కదా."

"అది కదలకపోతే నీళ్లు ఎట్ల చేరతాయే?"

అది నిజమే. కానీ కలశం కదిలించకూడదు, అది కూడా నిజమే. ఈ రెండు నిజాల మధ్య నేను ఎండలో నిలబడ్డాను. కలశం తీశాక కూడా ఇంజను కదలకపోతే? మొదట చేయి చెడింది, తర్వాత బుద్ధి చెడింది అంటారు. అప్పుడిక నన్ను కూడా వామిదొడ్లోకి పంపుతారు. ఇద్దరం కలిసి అక్కడ కూర్చోవచ్చు అనిపించి, నవ్వు రాబోయి ఆగిపోయింది. నా పక్కన నిలబడ్డ మనిషి నలభై ఏళ్లుగా అక్కడే కూర్చుంటోందని అప్పుడు తట్టింది.

నారు పక్క చూశాను. బావిగట్టుకు నడిచాను.

దారం ముడి విప్పాను. రవికె గుడ్డ తీశాను. టెంకాయ అంత సులువుగా రాలేదు. అటూ ఇటూ కదిలిస్తే పిడచ కట్టిన తమలపాకులతో సహా ఊడివచ్చింది. దాన్ని గచ్చు మీద గుడ్డ పరిచి దాంట్లో పెట్టి దండం పెట్టాను.

"పైపులో నీళ్లు పోసి నింపల్ల. మేస్త్రీ పోసినాడు," అన్నది పెద్దమ్మ. రెండు కడవలు పోశాము.

"హ్యాండిలు పట్టుకో," అన్నది.

పట్టుకున్నాను. ఒక చుట్టు తిప్పాను. రెండో చుట్టుకు చేతులు జారిపోయాయి. అంత బరువు.

పెద్దమ్మ కొంగు నడుముకు బిగించింది. చుట్టూ చూసింది. మెట్ట దూరంగా ఉంది, కంప కొడుతున్న శబ్దం సన్నగా వినబడుతోంది. మనుషులు చీమల్లా ఉన్నారు.

"నువ్వు ఆ లివరు కాడికి పో. నేను చెప్పినప్పుడు వదులు."

"నువ్వా తిప్పేది?"

"నేను తిప్పితే చక్రం తిరగదని యాడన్నా రాసి ఉండాదా?"

ఆమె హ్యాండిలును రాగులు విసిరినట్టు తిప్పింది. మొదట నిదానంగా, తర్వాత వడిగా. తిరగలి తిప్పే మనిషికే ఆ ఒడుపు వస్తుంది. చక్రాల మీద మా అత్త పెట్టిన పసుపు బొట్లు కలిసిపోయి పచ్చటి గీతలయ్యాయి.

"వదులు!"

వదిలాను. ఇంజను ఒకసారి దగ్గి, ఉమ్మేసినట్టు పొగ వదిలి, డుగుడుగుమని అందుకుంది. నేను మళ్లీ ఎగిరాను. బెల్టు మీది ఎండిన బంతిపూలు చిల్లర విసిరినట్టు ఎగిరిపడ్డాయి. కాలవలోకి నీళ్లు మొదట బురదగా, తర్వాత తెల్లగా వచ్చాయి. పెద్దమ్మ ఆ నీళ్లు దోసిట పట్టి మొహం కడుక్కుంది. మళ్లీ పట్టి తాగింది. అప్పుడు మెట్ట పక్క చూసింది. జనం కొడవళ్లతో పరుగెత్తి వస్తున్నారు.

"నేను చావిట్లో ఉంటా," అన్నది.

"పెద్దమ్మా, ఉండు—"

"నోరు మూసుకోని నిలబడు. నీళ్లు పారతాండాయి కదా."

వాళ్లు వచ్చేసరికి ఇంజను పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. చేతులకు నూనె, నుదుట చెమట. మా అత్త ముందు నీళ్లను చూసింది, తర్వాత గుడ్డలోని టెంకాయను చూసింది.

"కలశం ఎవురు తీసినారు?"

"నేనే అత్తా."

"ఎవురు చెప్పినారు?"

అంతలో పక్కింటి ఆమె నా చేయి పట్టుకుని పైకెత్తేసింది. "చూసినారా! ఎంతమంది మొగోళ్లు తిప్పినా కాల్యా! ఈ చెయ్యి, ఈ చెయ్యి!" అంది. అందరూ "అవునవును" అన్నారు. మా అత్త ఆ టెంకాయ కొట్టి చూసింది. లోపల తెల్లగా, తియ్యగా ఉంది. దాంతో ఆమె కూడా నెమ్మదించింది. నాకు పెద్ద ముక్క ఇచ్చింది. నేను తిన్నాను. తింటూ చావిడి పక్క చూశాను. అక్కడి నుంచి కసువు ఊడ్చే శబ్దం వస్తోంది.

ఆ మూడు రోజుల్లో రాగినారు నాటాము. పని మొదలైంది కాబట్టి పెద్దమ్మ కూడా వచ్చి మడిలో దిగింది. నాతోపాటు వంగి నాటుతున్నప్పుడు అడిగాను.

"స్టార్ట్ చేసింది ఎవురు పెద్దమ్మా, నువ్వా నేనా?"

"నువ్వు టెంకాయ తీసినావు, లివరు వదిల్నావు. నేను ఉత్తగా తిప్పినా."

"ముక్కని చెప్పింది నువ్వు కదా."

"నాకు చెప్పింది మేస్త్రీ. ఇంగ ఆయప్పకు ఎవురు చెప్పినారో అడుగు, పో. నారు వంకర పెడతాండావు, చూసుకో."

నేను ఎంత ఆలోచించినా అది ఒక చోట నిలవలేదు. టెంకాయ తీసినప్పుడా, చక్రం తిరిగినప్పుడా, వామి చాటు నుంచి ఆమె చూసినప్పుడా, లేక లెక్కలోకి రాని ఆ ట్రయలు రోజునా?

మా ఆయన మేస్త్రీని వెంటబెట్టుకుని నాలుగో రోజు వచ్చాడు. ఇంజను నడుస్తుండడం చూసి మేస్త్రీకి కోపం వచ్చింది, అంత దూరం నుంచి పిలిపించారని. మా మామ జరిగింది చెప్పాడు, టెంకాయ పెట్టిన సంగతితో సహా. మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు.

"ముక్కు మూస్తే ఎట్లప్పా నడుస్తాది! నేను ఆ పొద్దే చూపించినా కదా, మజ్జిగ తెచ్చిన ఆ పెద్దమ్మకు. ఆమె చెప్పల్యా మీకు?"

నేను చేతిలో చెంబుతో అక్కడే ఉన్నాను. మా మామ నన్ను చూశాడు. తర్వాత మడిలో వంగి ఉన్న అక్కను చూశాడు. చాలాసేపు చూశాడు. ఇప్పుడు చెప్పేయాలనుకున్నాను. "మామా..." అన్నాను.

"మేస్త్రీకి మజ్జిగ పోయమ్మా," అన్నాడు. ఆ సంగతి మళ్లీ ఆయన ఎత్తలేదు. నన్ను ఎత్తనివ్వలేదు. పక్కింటి కోడి మూలింటి కోడలు పెట్టిన గుడ్లనే పొదిగి పిల్లల్ని లేపింది. అయినా మరుసటి పొదుగుకు బుట్ట మళ్లీ నా దగ్గరకే వచ్చింది.

ఆ ఏడాది తొలకరి పడ్డాక, విత్తనం వేసే రోజు పొద్దున, నేను తల స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. గొర్రు కట్టి, కొత్తగా కొన్న ఎద్దులు వాకిట్లో ఉన్నాయి. పెద్దమ్మ ఎప్పటి మాదిరిగా గొడ్ల చావిట్లోకి పోయింది. మా మామ విత్తనపు మూటను భుజాన వేసుకుని చేనికి పోతాడనుకుంటే, పెరటి పక్క తిరిగి చావిట్లోకి పోయాడు. నేను గోడ అవతలే ఉన్నాను. మాటలు వినబడ్డాయి.

"అక్కా, దీని మూతి వదులుగా ఉండాది. కట్టియ్యి."

కసువు ఊడుస్తున్న చప్పుడు ఆగింది.

"నీకు చేతుల్లేవా?" అన్నది పెద్దమ్మ.

"నేను కడితే ఊడిపోతాదిలే."

తర్వాత గోనెపట్ట దారం బిగించిన సర్రుమనే చప్పుడు వినబడింది. మామ మూట ఎత్తుకుని బయటికి వచ్చాడు. నన్ను చూసి కూడా చూడనట్టు పోయాడు.

అది క్షమాపణో, దొడ్డిదారిన పెట్టిన గౌరవమో, లేక ఆ మూట మూతి నిజంగానే వదులుగా ఉండిందో, నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. నిజంగా ఆమెను ముందర నిలబెట్టాలనుకుంటే వాకిట్లోకే పిలవవచ్చు కదా? పిలిస్తే ఊరు ఊరుకునేదా? నేను అయినా చెప్పి ఉండవచ్చు కదా? నాకూ నా చేతిగుణం పేరు పోతుందని భయం. దాన్ని దాచిపెట్టి ఆయననే తప్పు పట్టడం న్యాయం కాదు. పెద్దమ్మ ఉన్నన్నాళ్లూ ఏటా విత్తనపు మూట ఆ చావిట్లోకి పోయి, కట్టించుకుని, చేనికి వచ్చేది. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు, ముగ్గురమూ ఎప్పుడూ పైకి అనలేదు.

చేనిలో మొదటి పిడికెడు నాదే. అందరూ గొర్రు చుట్టూ నిలబడి నా చేతుల పక్క చూసేవాళ్లు. ఆమె వేసిన ముడి ఎంత గట్టిగా ఉండేదంటే, గోళ్లతో పీకినా, పళ్లతో లాగినా ఒక పట్టాన వచ్చేది కాదు. ఎద్దులు కాళ్లు మార్చుకునేవి. పదును ఆరిపోతుందని ఎవరో ఒకరు గొణిగేవాళ్లు.

"ఏమ్మా, ఇంగా స్టార్ట్ కాల్యా?" అని మా మామ అరిచేవాడు.

నేను తల ఎత్తకుండా ముడి విప్పుకుంటూ ఉండేదాన్ని.